ముత్యాలయ్య విప్పని మూట

ముత్యాలయ్య ఎదురైతే మన చేతిలో మూట ఉండకూడదు. ఉంటే విప్పించేవాడు. తన చేతిలో ఉంటే మనం అడక్కుండానే విప్పి, "ఇదిగో, చూసుకోండి" అనేవాడు. మైపాడుకు రెండు మైళ్ళ దూరంలోని చేపలపాళేనికి ఆయన పెద్ద. పడవలు ఎప్పుడు కదలాలో, పడిన చేపలో ఎవరి పాలు ఎంతో ఆయన చెప్పిందే మాట. అంతటి మనిషికి ఈ తెగులు అంటించింది నేనే.

1959లో నేను అక్కడి బడికి అయ్యవారుగా వెళ్ళాను. మాది విడవలూరు పక్కన వరి పండించే కుటుంబం. పడవెక్కాలంటే నాకు భయం. అందుకని సాయంత్రాలు ఒడ్డునే, వలలు బాగుచేసుకునే వాళ్ళ మధ్య కూర్చుని కథలు చెప్పేవాణ్ణి. ఒకరోజు గ్రీకుల పాత పురాణంలోది ఒకటి చెప్పాను. పదేళ్ళు యుద్ధం చేసిన ఒక రాజు ఓడలో ఇంటికి బయల్దేరాడు. గాలిదేవుడు చెడ్డ గాలులన్నిటినీ తోలుసంచిలో కట్టి ఆయన చేతికిచ్చాడు. అందులో ఏముందో రాజు తనవాళ్ళకు చెప్పలేదు. తొమ్మిది రోజులు చుక్కాని ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకున్నాడు. పదో రోజు సొంత ఊరు కంటికి కనపడుతుండగా కునుకు పట్టింది. బంగారం దాచుకున్నాడనుకుని మనుషులు సంచి విప్పారు. గాలులు లేచి ఓడను వచ్చిన చోటికే తరిమేశాయి.

"నమ్మకద్రోహులు!" అన్నాడు పక్కనే వల బాగుచేసుకుంటున్న మాల్యాద్రి. ఆయనకు ఎవరిమీదైనా ముందు కోపం వస్తుంది, సంగతి తర్వాత తెలుస్తుంది.

"రాజుదే తప్పు" అన్నాడు ముత్యాలయ్య. "మూటలో గాలుండాదని ఒక్క మాట చెప్తే నోరు పడిపోతాదా? తొమ్మిది దినాలు చుక్కాని ఒకరికీ ఇయ్యలేదంటే, ముందు నమ్మంది ఎవురంట?"

మర్నాటినుంచి మూటలు విప్పడం మొదలైంది. నెల్లూరు బస్సులో కండక్టరు టిక్కెట్టు అడిగితే ఎండుచేపల గోతం విప్పి చూపించాడు. బస్సు సగం ఖాళీ అయింది. కూతురి పెళ్ళిలో వియ్యంకుడి చేతిసంచి పందిట్లో అందరిముందూ విప్పించాడు. మద్యనిషేధం రోజులు. పంచెలో చుట్టిన సీసా బయటపడింది.

"అది కషాయం బావా" అన్నాడు వియ్యంకుడు.

"చెప్తే అయిపాయె గదా బావా, దాచేదెందుకు?" అని ముత్యాలయ్య దాన్ని జాగ్రత్తగా మళ్ళీ చుట్టి ఇచ్చాడు.

నా సంచి విప్పి చిరిగిన బనీను చూపించిన రోజున నేనూ కోప్పడ్డాను. ఆయన భార్య మాలకొండమ్మ నన్ను ఓదార్చింది. "మీరే నయం అయ్యవారూ. అన్నం తినేటప్పుడు కూడా ముద్ద విప్పి చూపిస్తాడు నాకు."

రెండేళ్ళు గడిచాయి. పాళేనికంతా ఒకే పెద్దవల అల్లుకోమని సర్కారువాళ్ళు నైలాను దారం ఇచ్చారు. పాత నూలువలల్లాగా దాన్ని చెక్క కషాయంలో ఉడకబెట్టే పనిలేదు, కుళ్ళదు. పదహారు ఉండలు. ముత్యాలయ్య ఒక్కొక్కటీ ఎత్తి చూపించి తన ఇంట్లో పెట్టాడు. అల్లకంలో పాళెంలోకెల్లా గట్టివాడు ఆయన మేనల్లుడు చిన్నపోలయ్య. పని వాడి చేతిమీదుగా జరగాలనుకున్నారు. తీరా చూస్తే రెండు ఉండలు లేవు. చిన్నపోలయ్యేమో జ్వరమని పడుకున్నాడు.

వలదొంగను పాళెంలో ఉండనివ్వరు. వాడితో ఎవరూ పడవెక్కరు, వాడింటికి నిప్పు కూడా ఇవ్వరు. ఇలా అందరూ మండిపడుతున్న సమయంలో ముత్యాలయ్య చంకలో మూడు ముళ్ళు వేసిన గోనెమూట కనిపించింది.

"విప్పు మామా" అన్నాడు మాల్యాద్రి.

"విప్పను."

పాళెం నోరు తెరిచింది. వారానికోసారి వేటకు పోని రోజు వస్తుంది. మళ్ళీ ఆ రోజు వచ్చేలోగా మూట విప్పాలి, లేకుంటే పెద్దరికం వదలాలి అని తీర్మానించారు. వారం గడువు. ఆ వారమంతా ఆయన తలుపు వేసుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి బతిమాలాను.

"రాజుది తప్పని మీరే కదా అన్నారు?"

"ఇప్పుడూ తప్పే అంటా. ఆయన మూటలో గాలుండాది అయ్యవారూ. నా మూటలో మనిషుండాడు."

ఈయనకు మతి తప్పిందనుకున్నాను. నా కథవల్లే కదా అని నాకు అన్నం సయించలేదు.

గడువు రోజు పొద్దున్నే అందరూ ఒడ్డున చేరారు. ముత్యాలయ్య మూట విప్పి, "ఇదిగో, చూసుకోండి" అన్నాడు. రెండు ఉండల నైలాను దారం. కాకపోతే కొత్తదానిలా సాపుగా లేదు, ఉంగరాల జుట్టులా మెలికలు తిరిగి ఉంది. ఆయన వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

మాల్యాద్రి దారం చేతిలోకి తీసుకుని మెలికల్ని వేళ్ళతో తడిమాడు. తర్వాత ఆ గుడ్డపీలికల వంక చూశాడు. అంత నోరున్నవాడు దారం కింద పెట్టి, "సరిపాయినాది. అల్లకం మొదలుపెట్టండి" అని లేచిపోయాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

మాలకొండమ్మను అడిగితే నవ్వింది. "దస్తూరి చూసి ఏ పిల్లకాయ రాసిందో మీరు చెప్పరా? మేమూ ముడి చూసి ఎవురి చెయ్యో చెప్తాం. ఆ దారంతో ఒకడు సొంతానికి సగం వల అల్లి ఇసకలో పూడ్చినాడు. అది ఈయనకు దొరికినాది. ముళ్ళు అట్టనే చూపిస్తే వాడికింక పాళెం లేదు. అందుకని ఒక్కో ముడీ విప్పినాడు. నైలాను ముడి అంత సులువుగా వస్తాదా? గోళ్ళు ఊడినాయి."

"ఎవరి చెయ్యి అది?"

"ముళ్ళు పాయినాక ఇంక చెయ్యేంది అయ్యవారూ?"

తలుపు వేసుకున్న ఆ వారం తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే ముక్కు చీదుకుని బడికి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ గాలికోసం ఎదురుచూస్తూ పడవల పక్కన కూర్చున్నారు. చిన్నపోలయ్య జ్వరం తగ్గి వచ్చాడు కానీ తలెత్తడం లేదు. ముత్యాలయ్య వాణ్ణి పిలిచి గట్టిగా బిగించిన మూట ఒకటి ఒళ్ళో పెట్టాడు. "నేనొక కునుకు తీస్తా. ఇది నీకాడ పెట్టుకో" అని పడవ నీడలో పడుకుని గురక పెట్టాడు. వాడు గంటసేపు కదల్లేదు. మూటమీద ఈగను కూడా వాలనివ్వలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంటూనే ఉన్నాడు.

ముత్యాలయ్య లేచి, "మూటలో ఏముండాదో చూసినావా?" అన్నాడు.

"లేదు మామా. ఒట్టు."

"ఎందుకు చూడలా? మూటంటే విప్పి చూడాలన్న నా మాట మరిచినావా?" అని వాడి నెత్తిన ఒక్కటి మొట్టి తనే విప్పాడు. లోపల చద్దన్నం, ఎండుచేప, ఇద్దరికీ రెండు విస్తరాకులు ఉన్నాయి.

"గంటనించి నీ ఒళ్ళోనే ఉండాది కదరా, తిక్కోడా! తిను. ఆకలవతాండాది నాకు" అన్నాడు.