మంగతాయి పన్నెండంగుళాల గుడ్డ

చంద్రపూర్ పక్కన, దుర్గాపూర్ బొగ్గు గని కాలనీ వెనక వాడలో మంగతాయి కుట్టు మిషన్ చప్పుడు వినపడలేదంటే ఆ రోజు ఆదివారమన్నమాట. చర్చికి వచ్చే ఆడవాళ్ల తెల్ల జాకెట్లు నలభై ఏళ్లుగా ఆమె చేతి మీదుగానే వెళుతున్నాయి. కొలతల దగ్గర మాత్రం ఆమెకు మొహమాటం లేదు. "నీ నడుము పోయిన ఏడు లెక్కనే ఉన్నదని నువ్వనుకుంటున్నవు, టేపు అనుకుంటలేదు" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఎవరూ ఇంకో దర్జీ దగ్గరికి పోరు.

ఆరేళ్ల కిందట ఒక ఈస్టర్‌కు ముందురోజు, ఆమె ఉతికి ఆరేసిన తెల్లచీర నిండా నల్లని నుసి పడింది. గోడ అవతలి రోడ్డు మీద బొగ్గు డిపో లారీలు కప్పేమీ లేకుండా పొద్దంతా తిరుగుతాయి. చీర పట్టుకుని ఆమె నేరుగా డిపోకే వెళ్లింది. అక్కడి మేనేజరు చీర వంక సరిగా చూడనైనా చూడలేదు. "మీ కట్టెల పొయ్యి మసి అయి ఉంటుంది. మా ధూళే అనడానికి రుజువేది?" అన్నాడు. మంగతాయి ఇంట్లో కట్టెల పొయ్యి పోయి పదిహేనేళ్లయింది. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. రుజువు కావాలా నాయనా, ఇస్తానుండు అనుకుంటూ ఇల్లు చేరింది.

ఆ వచ్చే శనివారం కొత్త నూలు గుడ్డలోంచి, స్టీలు స్కేలు పెట్టి, పన్నెండంగుళాల చదరం ముక్క కత్తిరించింది. మూలన నీలం దారంతో తారీఖు కుట్టింది. వరండాలో తీగకు వేలాడదీసి, ఆదివారం చర్చికి పోయే ముందు తీసి, మడిచి పెట్టెలో పెట్టింది. మళ్లీ వారం ఇంకో ముక్క. పండగొచ్చినా జ్వరమొచ్చినా ఆ పని ఆగలేదు. పద్మాపూర్ గనిలో పనిచేసి రిటైరైన ఆమె భర్త సిలువయ్యకు ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"గీ పేలికలన్ని ప్రభువు రాకడ నాడు సాక్ష్యం జెప్తయా ఏంది?"

"అప్పటిదాంక ఎందుకు? కలెక్టరాఫీసులనే జెప్తయి, నువ్వు సూస్తుండు" అనేది మంగతాయి.

ఆ మాట నిజమయ్యే రోజు మనవరాలు జెస్లిన్ రూపంలో వచ్చింది. చంద్రపూర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఆ పిల్ల, నానమ్మ పెట్టె సంగతి కాలేజీలో చెప్పింది. అక్కడ నలుగురు అధ్యాపకులు కలిసి బొగ్గు ధూళి మీద పరిశోధన మొదలుపెట్టి ఉన్నారు. ఒకరిది భౌతికశాస్త్రం, ఒకరిది గణితం, ఒకరిది న్యాయశాస్త్రం, ఇంకొకరిది ప్రభుత్వ విధానాలు. వాళ్ల దగ్గర యంత్రాలున్నాయి గానీ గడిచిపోయిన ఆరేళ్ల గాలి లేదు. అది మంగతాయి పెట్టెలో ఉంది. గురువారం వస్తామని కబురు పెట్టారు.

బుధవారం పొద్దున కోడలు రోజీ ఒక పని చేసింది. పెద్ద చదువుల వాళ్లు వస్తున్నారు, ఇంట్లో ఇంత నల్లని పేలికలు చూపించడమా అని సిగ్గుపడి, పైనున్న ఒక కట్ట తీసి, సోడా వేసిన వేడినీళ్లలో శుభ్రంగా ఉతికి ఆరేసింది. ఏడాది గుడ్డలు. సరిగ్గా యాభై రెండు.

"మంచిగ ఉతికి పెట్టిన అత్తమ్మా, సార్లు వస్తుండ్రు గదా" అని నవ్వుతూ చూపించింది.

మంగతాయి ఒక గుడ్డ అందుకుని వెలుగుకు పట్టి చూసింది. ఆమె మొహం చూశాక గానీ రోజీకి తానేం చేసిందో తెలియలేదు. తెలిశాక ఏడుపు ఆగలేదు, ఆ రోజు అన్నం ముట్టలేదు. జెస్లిన్ మెల్లగా, "మళ్ల తీగకేస్తే నల్లగైతయి నానమ్మా. ఎవ్వరికి తెలుస్తది?" అంది.

"నాకు తెలుస్తది" అంది మంగతాయి. "ఉతికింది ఉతికిందే. ఎర్ర దారం తీయి, ఒక్కొక్కదానికి గుర్తు కుడ్దాం."

అత్తా కోడలూ పక్కపక్కన కూర్చుని యాభై రెండింటికీ ఎర్ర దారం కుట్టారు. మంగతాయి తిట్టలేదు. రోజీకి అదే ఎక్కువ బాధయింది.

వచ్చినవాళ్లలో లెక్కల సారు ప్రమోద్. మరాఠీ మనిషి. గుడ్డల మీద తారీఖులు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, జెస్లిన్‌కు తెలుగు మాట్లాడటమే గానీ చదవటం అంతంత మాత్రం. అందుకని మంగతాయే ఒక్కొక్కటి చదివి చెబుతుంటే ఆయన కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. మూడు రోజులు పట్టింది. ప్రతి గుడ్డ మీదా వెలుగు వేసి, ఎంత వెనక్కి వస్తుందో చిన్న యంత్రంతో కొలిచారు. ఎర్ర దారం గుడ్డలను పక్కన పెట్టేశారు. మిగిలినవన్నీ నల్లగా తేలుతుంటే, వరసగా ఆరు వారాల గుడ్డలు మాత్రం దాదాపు తెల్లగా ఉన్నాయి. యంత్రం తప్పేమోనని ప్రమోద్ రెండుసార్లు చూశాడు.

మంగతాయి తారీఖులు చదివి, "గవి వాగు మీద వంతెన కూలిన దినాలు సార్. లారీలు వేరే తొవ్వల పోయినయి" అంది.

ప్రమోద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లారీలు ఆగితే ధూళి ఆగింది. ఇంతకంటే ఏం కావాలి? వందల నల్ల గుడ్డల కంటే ఈ ఆరు తెల్ల గుడ్డలే విలువైనవని ఆయన అంటుంటే, లా చెప్పే సారు మాత్రం అడ్డంగా తల ఊపాడు. "అవతలివాళ్లు పట్టుకునేదీ వాటినే" అన్నాడు.

అలాగే అయింది. ఉతికిన గుడ్డల సంగతీ దాచకుండా రాసి మంగతాయి ఫిర్యాదు ఇస్తే, కలెక్టరు కమిటీ వేశాడు. చంద్రపూర్ కలెక్టరాఫీసులో కమిటీ విచారణ నాడు, డిపో తరఫు వకీలు ఆ ఆరింటినీ చేత్తో ఎత్తి చూపించాడు. "ఆజీ," అని మరాఠీలో అవ్వను పిలిచినట్టు పిలిచాడు, "మీ ఇంట్లో గుడ్డలు ఉతికినట్టు మీరే రాసిచ్చారు. ఇవి కూడా ఉతికినవే. వీలైనప్పుడు ఉతకడం, వీలైనప్పుడు మసి పూయడం. దీన్ని పరిశోధన అంటారా?"

ఆ వారాల్లో వంతెన కూలిందని ప్రమోద్ అంటే, అందుకే ఆ వారాలు చూసి ఉతికారన్నాడు వకీలు. లా సారు కాగితాలు తిరగేస్తున్నాడు. వెనక వరసలో రోజీ తల వంచుకుంది. ఆరేళ్ల శనివారాలు, వాటితోపాటు తన మాట, ఒక్క నిమిషంలో అబద్ధమైపోతున్నాయని మంగతాయికి అర్థమైంది. భయం వేసింది. భయం వెనకే కోపమూ వచ్చింది. లేచింది.

"స్కేలున్నదా సార్?" అని కమిటీ అధ్యక్షుణ్ణి అడిగింది.

బల్ల మీద స్టీలు స్కేలు ఉంది. ఎర్ర దారం గుడ్డ ఒకటి పరిచి, "మీరే కొలువుండ్రి" అని వకీలు చేతికే ఇచ్చింది. పదకొండున్నర అంగుళాలు. ఇంకొకటి. అదీ పదకొండున్నరే. తర్వాత ఆరు తెల్ల గుడ్డలూ పరిచింది. పన్నెండు. పన్నెండు. ఆరుకు ఆరూ పన్నెండే.

"కొత్త నూలు గుడ్డ ఒక్కసారి వేడినీళ్లల్ల ఉతికితే కురచైతది సార్. అందుకే లైనింగ్ గుడ్డ నానబెట్టకుండ నేను జాకెట్ కుట్టను. గివి ఉతికినయైతే అర్ధంగుళం ఎందుకు తగ్గలే?"

టైపు చేస్తున్న అమ్మాయి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. వకీలు మూడోసారి కూడా కొలిచి, స్కేలు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. గుడ్డలను సాక్ష్యంగా తీసుకుంటున్నామని అధ్యక్షుడు రాయించాడు. నెల తిరిగేసరికి లారీలకు తార్పాలిన్లు వచ్చాయి, రోడ్డు మీద పూటపూటా నీళ్లు పడుతున్నాయి. సిలువయ్య పేలికలు అనడం మానేసి, వీధిలో ఎదురైన ప్రతివాడికీ "మా ఇంట్ల పరిశోధన" అని చెప్పుకు తిరిగాడు.

పరిశోధన వ్యాసం అచ్చుకు పంపేముందు ప్రమోద్ ఇంటికి వచ్చాడు. నలుగురు అధ్యాపకుల పేర్ల పక్కన ఐదో పేరుగా మంగతాయి పేరు రాశామని చెప్పాడు. ఆమెకు గర్వంతో కళ్లు నిండాయి, దాచుకోలేదు.

"ఆరో పేరు గూడ రాయుండ్రి సార్. రోజీ."

"ఆమె ఏం చేసింది?" అన్నాడు ఆయన, జెస్లిన్ దగ్గర ఆ కథంతా విన్నవాడే.

"యాభై రెండు ఉతికి పెట్టింది. గవి పక్కన పెట్టి కొలవకుంటే నా మాట ఎవరు నమ్ముదురు?"

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు జెస్లిన్ వేలు పెట్టి చూపిస్తే రోజీ చెయ్యి తుడుచుకుని తన పేరు మీద తానూ వేలు పెట్టింది. ఆ శనివారం గుడ్డ కత్తిరించింది ఆమే. మంగతాయి దాని మీద స్కేలు పెట్టి చూసింది. సరిగ్గా పన్నెండు.