రావలసిన ముప్పై నాలుగు సీడీలు

మా ఆయన ఊపిరితిత్తి ముక్క పరీక్ష ఫలితం వచ్చిందన్న కబురు మొదట నా చెవిన వేసింది మా తోడికోడలు సత్యవతి. అమలాపురం ల్యాబు వాళ్ళు ఫోను చేసినప్పుడు నేను పూజలో ఉండి ఎత్తలేదట. తనకి చేశారు. పరుగున వచ్చి చెప్పినందుకు తనకి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ తర్వాత నడిచిన భాగోతంలో తన పాత్ర ఏమీ లేదు. అంతా నాదే. ఆ ల్యాబు వీధిలో ఇప్పటికీ నన్ను ‘సీడీలావిడ’ అంటారు. అననివ్వండి.

మా ఆయన పి.గన్నవరం దగ్గర కొబ్బరి పీచు మిల్లులో పాతికేళ్ళు పనిచేశారు. ఆ ధూళికో మరి దేనికో దగ్గు పట్టుకుంది. శనివారాలు అమలాపురం వచ్చే ఛాతీ డాక్టరుగారు స్కాను తీయించి, మచ్చ ఉందని చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. “వాపు కావచ్చు, కేన్సరు కావచ్చు. ముక్కే చెప్పాలి” అన్నారు. ఆ రెండు ‘కావచ్చు’ల మధ్య మేము పదిహేను రోజులు అన్నం తిన్నామో గడ్డి తిన్నామో ఆ భగవంతుడికే తెలియాలి. స్కాను తాలూకు సీడీ ఒకటి చేతికిచ్చి, “ఇది ప్రాణంలా దాచుకోండి” అని కూడా చెప్పారు. దాచుకున్నాను.

ఇక నా చదువు సంగతి. నేను బడి మొహం చూడలేదు. మా మేనత్త ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు, ఎక్కాలు, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్పింది. ఆవిడ చలవ వల్ల ఏ కాగితమైనా నేనే కూడబలుక్కుని చదువుతాను. ఆ శనివారం ల్యాబులో రిపోర్టు అందుకుని అలాగే చదివాను. మిగతా ఇంగ్లీషు నాకు కొరుకుడు పడలేదు కానీ, ఒకదాని కింద ఒకటి స్పష్టంగా ఉన్నాయి: సీడీ 3, సీడీ 4, సీడీ 8, సీడీ 20.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నాకు ఎక్కాలు వచ్చు. కూడాను.

కౌంటరులో కళ్ళజోడాయన ఉన్నాడు.

“మాకు ఒక్క సీడీయే ఇచ్చేరండి. ఇంకా చాలా రావాలి” అన్నాను.

“ఏం సీడీలండి?”

“మూడు, నాలుగు, ఎనిమిది, ఇరవై. కూడండి.”

పాపం, ఆయన నిజంగానే వేళ్ళ మీద కూడాడు. “ముప్పై అయిదండి.”

“ఒకటి ముట్టింది. తీసెయ్యండి.”

“ముప్పై నాలుగండి” అనేసి, తేరుకుని, “అమ్మా, మేం సీడీలివ్వమండి. స్కాను సెంటరు వాళ్ళిస్తారు” అన్నాడు.

“కాగితం మీద రాసేది మీరు, ఇచ్చేది వాళ్ళా అండి?”

బల్ల మీద కూర్చున్న మా ఆయన దగ్గుతూ, “ఇదిగో, పోనీలే, ఇలా వచ్చెయ్” అన్నారు.

“మీ ఊపిరితిత్తండి అది. ఒక్క సీడీ తగ్గినా ఒప్పుకోను. మీరు కూర్చుని దగ్గుకోండి.”

ఈలోగా వరసలో నా వెనకాల పెద్దాయన తన రక్తపరీక్ష కాగితం విప్పి చూసుకుని, “మా దాంట్లో బీ పన్నెండు అని ఉందండి. మాకూ పన్నెండేవో రావాలేమో” అన్నాడు. ఆయన పక్కావిడ కూడా సంచిలో కాగితం వెతకడం మొదలుపెట్టింది. నేను ఒక ఉద్యమానికి నాయకురాలినైపోయాను. కొంగు దోపుకుని, కౌంటరుకి అడ్డంగా నిలబడి, “ఇచ్చేదాకా కదలనండి” అన్నాను. వరసలో మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

అప్పుడు లోపలి నుంచి తెల్లకోటు అమ్మాయి వచ్చింది. పేరు రత్నం. గాజుపలకల మీద ముక్కలకి రంగులు వేసేది తనే. నవ్వలేదు. “పిన్నిగారండి, ఒకసారి లోపలికి వస్తారా, చూపిస్తాను” అంది.

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. ఆవాలు ఒలకబోసినట్టు నీలం చుక్కలు.

“ఇవన్నీ ఒంటికి కాపలా కాసే కణాలండి. రూపు చూస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు. లాండ్రీలో యాభై తెల్లపంచెలుంటే బాబాయిగారిది ఎలా పోలుస్తారండి?”

“అంచు మూల గుర్తు చూసి.”

“ఆయ్. కణం ఒంటి మీదా గుర్తులుంటాయండి. ఒక్కో గుర్తుకి అతుక్కునే మందు ఒక్కోటి. అతుక్కున్న చోట గోధుమరంగు తేలుతుంది. సీడీ మూడంటే మూడు సీడీలని కాదండి, మూడో నంబరు గుర్తని. ఇరవై అంటే ఇరవయ్యో నంబరు గుర్తు. అవి కూడకూడదండి.”

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అయినా అడగవలసింది అడిగాను. “మరి మా ఆయన దాంట్లో ఏ గుర్తు వాళ్ళున్నారమ్మా?”

“అన్ని గుర్తుల వాళ్ళూ కలిసి ఉన్నారండి. ఒకే గుర్తు వాళ్ళే గుంపు కడితే అనుమానం. మిగతాది డాక్టరుగారే చెప్పాలి. రెండింటికి వెళ్ళిపోతారండి, బయల్దేరండి.”

ఆ జ్ఞానంతో డాక్టరుగారి గదిలోకి ఎలా వెళ్ళానంటారు, పట్టా పుచ్చుకున్నదానిలా వెళ్ళాను. ఆయన రిపోర్టు చదివి, “సీడీ ఏదమ్మా?” అన్నారు.

“అది సంచిలో పట్టేది కాదండి. కణం ఒంటి మీద ఉండే గుర్తు. లాండ్రీ గుర్తులాంటిది. తమకి తెలియనిదేముంది” అన్నాను, వినయంగానే.

ఆయన కలం కింద పెట్టారు. “నేనడిగింది స్కాను సీడీ అమ్మా.”

మా ఆయన సంచిలోంచి తీసి ఇచ్చారు.

అది చూసి డాక్టరుగారు, “కేన్సరు కాదు. వాపే. మిల్లు మానెయ్యాలి, మందులు వాడాలి” అన్నారు. “ఏమైనా అడగాలా?” అని మా ఆయన్ని అడిగారు.

“మా ఆవిడ ఊరందరి తరఫునా అడిగేసిందండి” అన్నారాయన. నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. నేను ఏడ్చాను.

మర్నాడు తలస్నానం చేసి, తడిబట్టలతో, దేవుడి ముందు చెయ్యి చాపి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ రిపోర్టు మీది అంకెలూ కూడను. అడగడం మానేస్తానని మాత్రం చెయ్యలేదు. చెయ్యను. అర్థం కానిది అడగడం తప్పయితే ఆ తప్పు మళ్ళీ చేస్తాను, ఇంకా పెద్ద గొంతుతో చేస్తాను.

రత్నం తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయిందట. ఎక్కడుందో తెలియదు. వరసలో వాళ్ళంతా నవ్వుతుంటే తను నవ్వకుండా నన్ను లోపలికి పిలిచింది. మీలో ఎవరైనా ఏ కౌంటరు ముందైనా కాగితం పట్టుకుని దిక్కు తోచక నిలబడితే, లేదా అలా నిలబడ్డ మనిషి మీ కంటపడితే, ఆ పిల్లని ఒక్కసారి తలుచుకోండి.