షట్టర్లు లేని బజారులో సాంబయ్య కాక

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సాంబయ్య కాక పోయిండు. దవాఖానకు తీస్కపోయేలోపే..."

స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయాను.

మూడేళ్లుగా నేను ఆయనతో మాట్లాడలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. వరంగల్‌లో మా బాపు టైలర్ షాపు పక్కనే కాక స్టీలు సామాను దుకాణం. పెళ్లి గిన్నెల మీద పేర్లు కొడుతూనే రోడ్డు అవతలి వాళ్లతో ముచ్చట పెట్టేవాడు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

మా బజారులో ఎవరు చనిపోయినా, శవం దాటి వెళ్లేదాకా షాపులన్నీ షట్టర్ సగం దించేవి. దింపించేది కాకే. ముందు నడుస్తూ, ఒక్కో షాపు దగ్గర ఆగి, "సగం దించుండ్రి, మనోడు పోతాండు" అనేవాడు.

ఒకసారి ఒక హమాలీ చనిపోయాడు. నా అన్నవాళ్లు లేరు. పెళ్లిళ్ల సీజన్, షాపుల ముందంతా గిరాకీ. బట్టల సేటు కొంచెం గొణిగాడు. కాక తనే వెళ్లి షట్టర్ కిందిదాకా లాగేశాడు. సేటు లోపల, గిరాకీ బయట!

సాయంత్రం ఇద్దరూ కలిసే చాయ్ తాగారు.

తర్వాత కార్పొరేషన్ వాళ్లు బజారును కొత్తగా చేస్తామన్నారు. వెడల్పు రోడ్డు, ఫుట్‌పాత్, లైట్లు. షాపుల ముందు భాగం పోతుందని అందరికీ భయం.

కాక తన షాపు ముందు గోడకు తనే గడ్డపార వేశాడు. "జర ఓపిక పట్టుండ్రి. బజారు మంచిగైతే మనమే బాగుపడ్తం" అన్నాడు. ఆ మాట మీద అందరూ ఒప్పుకున్నారు.

బజారు నిజంగానే బాగైంది. అబద్ధం ఎందుకు, సాయంత్రం ఆ లైట్లు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది.

కానీ అద్దెలు పెరిగాయి. ముప్పై ఏళ్ల మా షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరుగా, కొందరు నర్సంపేట రోడ్డుకు, కొందరు ఎనుమాముల వైపు వెళ్లిపోయారు. ఆఖరికి కాక కూడా ఖాళీ చేశాడు.

మా షాపు ఖాళీ చేసే ముందురోజు నేను కాక మీద అరిచాను. అందరి ముందే.

"నీ మాట విన్నందుకే మా బాపు దుకాణం పోయింది. ఇగ నీతోని మాట్లాడ."

మర్నాడు ఆయనే వచ్చి, మా కుట్టు మిషన్లు ట్రాలీ ఎక్కించడానికి బాపుతో పాటు చెయ్యేశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

నిన్న ఆయన్ను అదే బజారు మీదుగా తీసుకెళ్లారు.

ముందు నడిచి చెప్పేవాళ్లు లేరు. నేనే నడిచాను.

మొదటిది ఫోన్ల షోరూమ్. అన్నీ అద్దాలే, సగం దించడానికి షట్టరే లేదు.

"ఎవరు మేడమ్ ఆయన?" అని అడిగింది కౌంటర్ అమ్మాయి.

"ఈ రోడ్డు కోసం అందరికంటే ముందు తన దుకాణం కూలగొట్టుకున్నాయన" అన్నాను.

ఆ అమ్మాయి పాటలు ఆపేసి, లైట్లు తీసేసి, బయటికి వచ్చి నిలబడింది. పక్క కాఫీ షాపు వాళ్లూ వచ్చారు. మిగతా చోట్ల ఎవరి పని వాళ్లది. వాళ్లను ఏమని అనగలం? ఆయనెవరో చెప్పే పాతవాళ్లమెవరమూ ఇప్పుడా షాపుల్లో లేము.

బాపు పాడె మోశాడు. తిరిగొస్తుంటే నాతో ఒక్క మాటే అన్నాడు.

"ఆయన గూడ నమ్మిండు బిడ్డా."

మూడేళ్లలో ఈ మాట నాకెందుకు తోచలేదు కాకా? నీ నంబర్ నా ఫోన్లోనే ఉంది. ఒక్కసారి చేసి ఉంటే అయిపోయేది.

నన్ను క్షమించు.

ఇక ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. నిశ్చింతగా వెళ్లు కాకా, నీ మనసుకు శాంతి దొరకాలి.