అతుక్కోని బేరింగు

దెయ్యాలు, మహిమలు అంటే నాకు ఒళ్ళు మంట. ఎవరైనా మొదలుపెడితే లేచిపోతాను. జీవితమంతా ఇంజన్లతో గడిపినవాణ్ణి, కారణం లేకుండా చక్రం తిరగదని నా నమ్మకం. అయినా ఇది నా కళ్ళముందే జరిగింది.

యాభైల నాటి మాట. మాది ఆత్మకూరు పక్క పల్లె. వరి పాలు పోసుకునే వేళ బావి మీది ఆయిల్ ఇంజను బేరింగు కరిగిపోయింది. నీళ్ళు ఆగితే వెన్నులన్నీ తాలుపోతాయి. ఆ పంట తప్ప మాకు తిండికి ఇంకో దారి లేదు.

ఆత్మకూరులో మస్తాను మేస్త్రీ దగ్గర మద్రాసులో కొన్న స్ప్రే గన్ను ఉండేది. అబ్బ, ఆయన పని చూసి తీరాలి! ముందు ఇరుసును చుట్టి పట్టే బేరింగు చిప్పల లోపలివైపు ఇసుకను గాలితో కొట్టి గరుకు చేసేవాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ వేలితో తాకకూడదు. గన్ను మంటలో వైట్‌మెటల్ అనే మెత్తటి లోహపు తీగ కరుగుతుంటే గాలి దాన్ని తుంపరగా చిమ్మేది. గోడకు సున్నం కొట్టినట్టు పొర మీద పొర పడేది. ఇరుసు తిరిగేది ఆ మెత్తటి పూత మీదే.

మా చిప్పలకు పూత వేశాక మస్తాను స్పానరుతో తట్టాడు. ఖంగుమనాల్సింది డొల్లగా మోగింది.

"ఎవురు తాకినారు దీన్ని?"

మా నాయన తల వంచుకున్నాడు. మస్తాను నమాజుకు లేచినప్పుడు, మంచి జరుగుతుందని, అనుమసముద్రంపేట దర్గా దీపం నూనె చిప్పల లోపలంతా పూసి తుడిచేశాడట. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

మస్తాను నెత్తి కొట్టుకున్నాడు. "దర్గా నూనైనా నూనే గదన్నా! జిడ్డు మీద లోహం యాడ అతుక్కుంటాది?"

తీగ అయిపోయింది. మద్రాసు నుంచి వచ్చేదాకా పైరు బతకదు.

"ఉండేదే బిగించప్పా, కానీ ఏమయితే అదయితాది" అన్నాడు నాయన.

బిగించారు. మస్తాను బేరింగుకు కర్ర ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని పొద్దుగూకేదాకా వింటూ కూర్చున్నాడు. ఇంజను ఆగలేదు. కోతల దాకా నీళ్ళు తోడింది.

పంట ఇంటికొచ్చాక మస్తాను ఇంజను విప్పాడు. ఇరుసు మీద గీత లేదు. చిప్పలో గోరు పెట్టి లాగితే పూత ఉల్లిపొరలా ఊడి చేతికొచ్చింది. వెనకంతా జిడ్డే.

"ఇది ఒక దినమన్నా అతుక్కోలేదన్నా. మరి ఇన్నాళ్ళూ దీన్ని ఏది పట్టుకోనుండాది?" అన్నాడు. ఆ పూతను తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

తర్వాత నేనూ ఆ పని నేర్చుకున్నాను. జిడ్డు తగిలిన పూత ఒక్కటీ పూటైనా నిలవలేదు. ఊడిన పూత ముక్కలై ఇరుసుకు అడ్డుపడి ఇంజనును పట్టేయాలి, అంతే. అది ఎందుకు పట్టేయలేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఏడాది మేం తిన్న అన్నం మాత్రం ఆ నీళ్ళతో పండిందే.