నల్లా నీళ్ళ ఛాయ్

నా చిన్నప్పుడు బహదూర్‌పురాలో మేముండే సర్కారు ఇళ్ళలో నీళ్ళు కింది అంతస్తు దాటి పైకి ఎక్కేవి కావు. మాది మూడో అంతస్తు. తెల్లవారుజామున జూపార్కులోంచి సింహం గర్జన వినిపించే వేళకే అమ్మలందరూ బిందెలతో కిందికి దిగేవారు. డాబా మీది ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే మోటారు కాలిపోయి ఎన్నాళ్ళో అయింది. మగవాళ్ళు ఇళ్ళ మరమ్మతులు చూసే ఆఫీసుకు వెళ్ళి అరిచి వచ్చారు. ఆ తర్వాత అక్కడి ఓవర్సీరు మా బ్లాకు వైపు రావడమే మానేశాడు.

ఒక ఉదయం మా అమ్మ తడి మెట్ల మీద నిండు బిందెతో జారిపడింది. అప్పుడామె కడుపుతో ఉంది. బిడ్డకేమీ కాలేదని ఆసుపత్రిలో చెప్పారు గానీ, కుడిచేతికి పెద్ద కట్టు కట్టి పంపారు. ఆ రోజు మా నీళ్ళు కూడా, పిల్లలమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడే మోసింది. భర్త పోయాక కుట్టుమిషను మీద కొడుకును పెంచిన మనిషి ఆమె. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని, "ఇగ చాలు" అంది. అంతే.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు నడిచింది. మళ్ళీ లొల్లి తప్పదనుకున్నాడేమో, ఓవర్సీరు ముందే మొహం చిట్లించాడు. ఖాలా తలమీద కొంగు సర్దుకుని, "సాబ్, ఒక్కపారి మా ఇంటికి ఛాయ్‌కి రాండ్రి. నల్లా గూడ చూసినట్టుంటది" అంది. అంత మర్యాదగా పిలిస్తే కాదనలేకపోయాడు. వచ్చాడు.

ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, కిరోసిన్ స్టవ్వు పక్కన పాలు, చక్కెర సిద్ధంగా పెట్టింది. నల్లా కింద గిన్నె ఉంచి తిప్పింది. లోపల బుస్సుమన్న చప్పుడే తప్ప చుక్క రాలేదు. "ఒస్తయ్ సాబ్, కూసోండ్రి" అని నల్లా అలాగే విప్పి ఉంచింది. చాలాసేపు గడిచింది. ఎండకు ఆయన మెడ మీద చెమట కారుతోంది. మంచినీళ్ళు అడిగాడు. ఖాలా ఇవ్వదేమోనని నేను భయపడ్డాను. ఆమె వెంటనే కుండలోంచి గ్లాసు నిండా ముంచి ఇచ్చి, నా చెవిలో మెల్లగా చెప్పింది.

"దాహమన్నోళ్ళకు లేదనొద్దు బేటీ. ఛాయ్ మాత్రం నల్లా నీళ్ళతోనే."

చివరికి ఆయన లేచాడు.

"ఛాయ్ తాగకుండ ఎట్ల పోతరు సాబ్? ఇంటికొచ్చిన మెహమాన్ గట్ల పోతే మాకు మంచిగనిపిస్తదా?"

ఆయన వినిపించుకోకుండా తలుపు తీశాడు. మెట్ల నిండా మా బ్లాకు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె బియ్యం ఏరుతోంది, ఇంకొకామె కూతురికి జడ వేస్తోంది. "సాబ్‌కు తొవ్వ ఇడువుండ్రి" అంది ఖాలా. అందరూ ఒదిగారు. పై మెట్టు మీదున్న మా అమ్మ మాత్రం ఒదగలేక, కట్టున్న చేయి కడుపుకు ఆనించుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని కష్టంగా లేచింది. ఓవర్సీరు ఆమె వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, వంగి, నల్లా మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు.

"రేపు మనిషిని పంపిస్తానమ్మా" అన్నాడు.

"మంచిది సాబ్. రేపు రాకుంటే ఎల్లుండి మళ్ళ పిలువనీకొస్త. ఆ తెల్లారి గూడ ఒస్త. నాకేం ఫికర్ లేదు."

ఆయన కింద జీపులో ఉన్న మనిషిని కేకేసి అప్పటికప్పుడే మెకానిక్కు కోసం పంపాడు. ఆ సాయంత్రమే మోటారు విప్పి తీసుకెళ్ళారు. అది బాగై తిరిగి వచ్చేదాకా ఖాలా రోజూ ఆఫీసుకు వెళ్ళి, సలాం చెప్పి, ఎంతవరకు వచ్చిందో అడిగి వచ్చేది. మా చెల్లి పుట్టేనాటికి పై ఇళ్ళన్నిటికీ నీళ్ళు వచ్చాయి. ఖాలా ఓవర్సీరును మళ్ళీ పిలిచి, నల్లా నీళ్ళతోనే ఛాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన తలవంచుకుని తాగాడు.

తర్వాత నేనూ ఎన్నో ఆఫీసుల గడప తొక్కాను. అమ్మ పింఛను కోసం, పిల్లల చదువు కోసం, మా వీధిలో మూతలేని మురుగు నాలా కోసం. "రేపు రండి" అంటే ఇప్పటికీ నేను గొంతు పెంచను. "పర్వాలేదండీ, కూర్చుంటాను" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటాను.