పండులోంచి రావలసిన పిల్ల

దాయ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, సంత మొగదల పచ్చి తేయాకు కాచి అమ్మే మువోన్‌కి అరవై దాటాయి. నోరు మాత్రం ఇంకా పాతికలోనే ఉందని ఊళ్ళో అంటారు. లేక లేక పుట్టిందని తల్లిదండ్రులు ‘ఆలస్యం’ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. పేరు అలా ఉన్నా ఆవిడ ఏ పనీ ఆలస్యంగా చేసి ఎరగదు. తెల్లారేసరికి పొయ్యి వెలిగి, గిన్నెలు తళతళలాడుతూ, మొదటి బేరగాడికి మొదటి చివాటు పడిపోయి ఉంటుంది.

ఆవిడ దగ్గర టీ తాగినవాడు కథ వినకుండా లేవడానికి వీల్లేదు. చాలా కథలు వచ్చు గానీ, ఏది మొదలుపెట్టినా చివరికి థీ పండు కథ దగ్గరికే వచ్చి చతికిలబడుతుంది. సవతితల్లి చేతిలో చచ్చి, పిట్టై, చెట్టై, ఆఖరికి పసుపుపచ్చని థీ పండులో దాక్కున్న పిల్ల కథ అది. ఓ ముసలమ్మ చెట్టుకింద సంచి తెరిచి పట్టుకుని, నిన్ను తినను తల్లీ, వాసన మాత్రం చూసుకుంటానని బతిమాలితే పండు సంచిలో పడుతుంది. ముసలమ్మ సంతకి పోగానే పిల్ల బయటికొచ్చి, ఇల్లు ఊడ్చి, వంట చేసి, మళ్ళీ పండులోకి దూరిపోతుంది. ఒకనాడు ముసలమ్మ పొంచి ఉండి, పిల్లని కావలించుకుని, పండు తొక్క చింపేస్తుంది. వెనక్కి పోయే దారి లేక పిల్ల ఆమెకి కూతురై ఉండిపోతుంది.

అసలు కథలో ఆ తర్వాత రాజు వచ్చి పిల్లని తీసుకుపోతాడు. మువోన్ కథలో రాజు రాడు. అసలు కథ తెలిసినవాడెవడైనా, “మరి రాజేడీ?” అని అడిగితే, “వాడి దారిన వాడు పోయాడు. ముసలమ్మకి కూతురు దొరికిందా లేదా? అయిపోయింది. గిన్నె ఇలా ఇయ్యి” అంటుంది.

ఊరి చావడి వెనక ఒక థీ చెట్టు ఉంది. ఏటా పళ్ళు పండే రోజుల్లో మువోన్ చీకటితో లేచి, గుడ్డ సంచి పట్టుకుని పోయి ఆ చెట్టుకింద నిలబడుతుంది. ఎవరూ చూడటం లేదని ఆవిడ నమ్మకం. ఊరంతా చూసింది. మంచి ఊరు కనుక, ఆవిడ సంచితో తిరిగి వస్తుంటే పక్కకి తిరిగి దగ్గుతారు. పండు తెచ్చి దిండు పక్కన పెట్టుకుంటుంది. ఇల్లంతా కమ్మటి వాసన. పదిహేను రోజులకి పండు ముడతలు పడి, నల్లబడి, ఎండిపోతుంది. ఆ వారమంతా సంతలో ఎవరూ ఆవిడతో పెట్టుకోరు.

ఆవిడకి పిల్లల్లేరు. పుట్టడానికి వ్యవధే దొరకలేదు. పెళ్ళయిన నెలకే భర్త ఖోయ్ యుద్ధానికి వెళ్ళాడు. అతనితోపాటు వీధి చివర వలలు అల్లే థిన్ కూడా వెళ్ళాడు. ఇద్దరూ ఒకే గేదె మీద ఎక్కి పెరిగిన స్నేహితులు. థిన్ తిరిగి వచ్చాడు. ఖోయ్ అద్దం కట్టిన ప్రభుత్వ కాగితమై వచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ గోడకి ఉంది, దాని కింద అగరొత్తులూ, ఇరవై రెండేళ్ళ ఖోయ్ ఫొటో ఉన్నాయి.

థిన్ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు కూతుళ్ళు పుట్టాక భార్య పోయింది. ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి ధైర్యం చేసి, పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ పెట్టి, టోఫు అమ్మే లువాని మువోన్ ఇంటికి రాయబారం పంపాడు. మువోన్ పళ్ళెం పళ్ళెంగా తిప్పి పంపేసింది. “ఆ అద్దం కింద కూర్చుని ఇంకొకడికి అన్నం వడ్డించనా? ఊరు నవ్వదూ?” అంది. అప్పటినుంచి థిన్ రోజూ పొద్దున్నే వస్తాడు. “ఒక గిన్నె, వదినా” అంటాడు. తాగుతాడు, థీ పండు కథ మొదటిసారి వింటున్నట్టు వింటాడు, పోతాడు. ఈ ఇరవై ఏళ్ళలో అతని జుట్టు మొత్తం రాలిపోయింది తప్ప ఇంకేమీ మారలేదు.

ఈ ఏడు పండు తెచ్చిన మూడోనాడు మువోన్ సంత నుంచి ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇల్లు ఊడ్చి ఉంది. తొట్టి నిండా నీళ్ళు. పొయ్యి మీద అన్నం, పక్కన తూటికూర. అన్నం అడుగంటింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మువోన్ మాడుతో సహా గీక్కుని తిన్నది. తింటూ ఏడ్చింది. తర్వాత పండుని రెండు చేతుల్లోకి తీసుకుని, “అమ్మ లేకుండా పెరిగినదానివి, వంటెవరు నేర్పుతారులే” అంది.

మర్నాడు పొద్దెక్కేలోపే సంతంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగక్కర్లేదు. చెప్పింది ఆవిడే.

“ఎలా ఉంటుందక్కా పిల్ల?” పక్కనే టోఫు పళ్ళెం పెట్టుకున్న లువా అడిగింది.

“నేను చూశానా? నేను ఇంట్లో ఉంటే రాదుగా.”

“పోనీ ఎలా ఊడుస్తుంది?”

“బాగానే ఊడుస్తుంది. చెత్త మాత్రం మంచం కిందికి తోస్తుంది.”

లువా పెదవి బిగబట్టింది. “దోమతెర మడుస్తుందా?”

“ఓ! ఎంత ముద్దుగానో! రెండు మూరలకోసారి మెలిపెట్టి, కొసలు లోపలికి దోపి...” మువోన్ చేతులతో చూపించబోయి ఆగింది. ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు అందరూ వలలు అలాగే మడుస్తారు.

“స్వర్గంలో వలలు కూడా అల్లుతారు కాబోలు” అంది లువా.

“ఏం, అల్లకూడదా?”

“వాసనేమైనా వస్తోందా అక్కా ఇంట్లో?”

“పండు వాసన.”

“ఇంకా?”

మువోన్ గిన్నె కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది. “కొంచెం పొగాకు వాసన వస్తుంది. వస్తే ఏం? పైలోకంలో ఆడపిల్లలు హుక్కా తాగరని నీకెవరు చెప్పారే?”

సంత మొగదల ఉన్న నలుగురు ఆడవాళ్ళూ ఒకేసారి దగ్గారు. వెదురు హుక్కా మొలలో దోపుకుని, తన గిన్నెలోకే చూస్తూ కూర్చున్న థిన్, టీ సగం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు మువోన్ ఒక ఎర్ర జడక్లిప్పు కొన్నది. సీతాకోకచిలుక బొమ్మ, రెక్కల మీద మెరుపులు. మర్నాడు పొద్దున్న దాన్ని పండు పక్కన పెట్టి సంతకి పోయింది. సాయంత్రం వచ్చి వెతికితే క్లిప్పు వంటింట్లో ఉంది. ఉప్పు పొట్లం మూతి బిగించి పెట్టారెవరో, ఆ క్లిప్పుతో.

మువోన్ ఆ పొట్లాన్ని చాలాసేపు చూసింది. తెలివితక్కువ మనిషి కాదు. అంకెలు రాకుండా ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషి. కానీ మనసు ఒకటి అంటే, బుద్ధి ఇంకొకటి అంటే, ఆవిడ బుద్ధిని కసిరి కూర్చోబెట్టింది. జడ వేసుకోవడం తెలియని పిల్ల, అంతే.

నిజానికి ఆవిడకి చూడాలంటే భయం. కథలో ముసలమ్మ పొంచి చూస్తుంది. ఆ భాగం చెప్పేటప్పుడల్లా మువోన్, “ఇన్నాళ్ళు ఎందుకాగిందో మొద్దు ముసలిది, మొదటి రోజే చూడొద్దూ” అని తిట్టేది. ఇప్పుడు తనవంతు వచ్చేసరికి కాళ్ళు రావడం లేదు. చూడనంతకాలం ఇంట్లో ఒకరున్నారు. చూస్తే, ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఖాళీ ఇంట్లోకి తాళం తీసుకుని పోవడం ఆవిడకి నలభై ఏళ్ళుగా అలవాటే. కానీ ఈ నాలుగు రోజుల్లో ఆ అలవాటు తప్పింది. మళ్ళీ నేర్చుకునే ఓపిక లేదు.

లువా వదిలిపెట్టే రకం కాదు. “అక్కా, నీ పొయ్యి నేను చూస్తా. నువ్వు ఇంటికి పో.”

“ఎందుకు?”

“నీ కూతుర్ని చూసుకోవడానికి. లేదంటే ‘నాకు భయమేస్తోంది చెల్లీ’ అని ఒక్క మాట అను, ఇక అడగను.”

మువోన్‌ని ఎన్నయినా అనొచ్చు గానీ పిరికిదని అనకూడదు. చేతిలో గరిటె చేతిలోనే ఉంచుకుని లేచింది.

ఇంటి వెనక కంచెలో ఒక మనిషి పట్టేంత సందు ఉంది. కొత్తగా పడింది. మువోన్ దాన్ని చూసి కూడా చూడనట్టు దాటి, వంటింటి వెదురు తడిక దగ్గర వంగి కన్ను పెట్టింది.

పొయ్యి ముందు ఒక బట్టతల. ఊదుగొట్టంతో ఊదుతూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటోంది. అన్నం గిన్నె మూత ఎత్తి చూసి, “మళ్ళీ మాడింది” అని తనలో తనే విసుక్కుంది. తర్వాత థిన్ లేచి, చేతులు లాగుకి తుడుచుకుని, నడింట్లోకి వెళ్ళాడు. ఫొటో ముందు అగరొత్తి వెలిగించాడు.

“ఒరే ఖోయ్” అన్నాడు. “నువ్వేమో ఆ వయసులోనే ఆగిపోయావు, హాయిగా ఉన్నావు. చూడు నా అవతారం. మీ ఆవిడ వచ్చేలోపు తూటికూర ఉడకాలి. మోకాళ్ళు నొప్పిరా. ఆ ఆకులు గిల్లుతుంటే నడుం పట్టేస్తోంది. నీకేమైనా కోపమైతే ఒక కలలో వచ్చి చెప్పు. రోజూ అడుగుతున్నానా లేదా? రావేం?” “నిన్న పిల్లకని క్లిప్పు పెట్టి పోయిందిరా. అది చూశాక రాత్రి అన్నం సయించలేదు. నేను తప్పు చేస్తున్నానేమో.”

మువోన్ తడికకి ఆనుకుని కూలబడింది. పిల్ల లేదు. ఎప్పుడూ లేదు. ఆ సంగతి తెలుసు, అయినా ఇప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టు గుండె కలుక్కుమంది. జడ అల్లే పిల్ల, అమ్మా అని పిలిచే పిల్ల, తన శవం ముందు తెల్లగుడ్డ కట్టుకుని నడిచే పిల్ల, ఇన్నేళ్ళుగా ఆ పిల్లని ఎంత పెంచుకుందో ఆవిడకే తెలియదు. ఆ పిల్ల కోసం అక్కడే నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు విని థిన్ పరుగెత్తుకొచ్చాడు. గరిటె పట్టుకుని కూర్చున్న మువోన్‌ని చూసి కొయ్యబారిపోయాడు.

“వదినా...”

“నోర్మూసుకో! ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది ఈ దొంగతనం?”

“దొంగతనమేంటి వదినా, నేనేం తీసుకుపోలేదు. బియ్యం కూడా మా ఇంటి నుంచే తెస్తున్నా.”

“తెచ్చి మాడుస్తున్నావు! ఎందుకు చేశావు ఇదంతా? నన్ను పిచ్చిదాన్ని చెయ్యడానికా?”

థిన్ తల గోక్కున్నాడు. గోక్కోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. “నేనొస్తే గెంటేస్తావు. అది ఒకసారి చూశాను. పండులోంచి వచ్చిన పిల్లనైతే ఉంచుకుంటావు కదా అని...”

“నువ్వు పిల్లవా?”

“కాను” అన్నాడు థిన్ బుద్ధిగా. “కూతురు కావాలంటే నాకిద్దరున్నారు. పెద్దది వంట బాగా చేస్తుంది, నోరు నీలాగే. రెండోది నెమ్మదస్తురాలు. నీకేది కావాలంటే అది తీసుకో. ఇద్దర్నీ తీసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.”

మువోన్‌కి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. “ఆ మాట ఇరవై ఏళ్ళ కిందట పళ్ళెంలో ఎందుకు పెట్టలేదు? వక్కలు పంపాడు పెద్దమనిషి, వక్కలు!”

“నాకు తెలియలేదు వదినా.”

“వదినా వదినా అనకు. పేరుంది నాకు.”

థిన్‌కి ఆ పేరు నోటికి రాలేదు. “పోతాను” అన్నాడు చివరికి, కంచె సందు వైపు నడుస్తూ. “ఇక రాను. ఎవరికీ చెప్పను. పిల్ల వచ్చి వెళ్ళిపోయిందని చెప్పుకో.”

“ఆగు. అటు కాదు.”

“మరి?”

“వీధి గుమ్మంలోంచి.”

థిన్ గతుక్కుమన్నాడు. అప్పుడే సంత విడిచిన వేళ. వీధి నిండా గంపలూ, సైకిళ్ళూ, బేరాలు అయిపోయి కబుర్లకి తీరిక చిక్కిన ఆడవాళ్ళూ. “అందరూ ఉంటారు మువోన్” అన్నాడు. భయంలో పేరు దానంతటదే వచ్చేసింది. “ఊరు నవ్వుతుంది.”

ఆ మాట తనదే. మువోన్ లేచి, అతన్ని నడింట్లోకి నడిపించి, ఫొటో వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ ఖోయ్ ఎప్పటిలాగే కొంచెం పక్కకి చూస్తున్నాడు, తనకి సంబంధం లేదన్నట్టు. అద్దం కట్టిన కాగితం కింద ఇన్నేళ్ళు నిటారుగా కూర్చున్న మనిషి, ఊరంతా తలవంచి పలకరించే మనిషి, ఈ గడప దాటితే రేపటినుంచి సంతలో నవ్వులాట అవుతుంది. కళ్ళు తుడుచుకుని, థిన్ చొక్కా చెయ్యి పట్టుకుని గడప దాటించింది.

ఎదురుగా లువా. ఖాళీ పళ్ళెం నెత్తిన పెట్టుకుని, వెనక నలుగురు ఆడవాళ్ళతో, ఇంటికి పోయే దారి ఇదే అన్నంత అమాయకంగా నిలబడి ఉంది. ఆవిడ ఇల్లు ఊరికి ఆ చివర.

“అక్కా! చూశావా పిల్లని?” అరిచింది లువా. వీధి మొత్తం ఆగింది. సైకిలు తొక్కేవాడు కాలు నేలకి ఆనించాడు. థిన్ చెయ్యి విడిపించుకోబోయాడు. మువోన్ ఇంకా గట్టిగా పట్టుకుంది.

“చూశానే!” అంది, సంతలో పిలిచే గొంతుతో, వీధి చివరి ఇంటికి కూడా వినబడేలా. “నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. అన్నం మాడుస్తుంది. చెత్త మంచం కిందికి తోస్తుంది. అయినా ఉంచుకుంటున్నా.”

వీధి వీధంతా నవ్వింది. గంపలు దింపి మరీ నవ్వారు. ఇరవై ఏళ్ళు భయపడిన నవ్వు ఇంతేనా అని మువోన్ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత తనూ మొదలుపెట్టింది, ఆవిడ మొదలుపెట్టాక ఇంకెవరి నవ్వూ వినబడలేదు.