చంకలో తమ్ముడితో బడికి

కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి ఉదయం తొమ్మిది కావస్తోంది. నవంబరు నెలాఖరు. స్లీపరు క్లాసులో కింది బెర్తు దొరికింది, టికెట్టు నాలుగు వందల పైచిలుకు. ప్రయాణాల్లో నేను తక్కువ సామానుతో వెళ్ళే మనిషిని. ఈసారి మాత్రం రెండు సంచుల నిండా పలకలు, బలపాలు, అక్షరాల అట్టలు. కూలీ వాటిని పైకెత్తి, "రాళ్ళేమన్న తీస్కపోతున్నరా అమ్మా?" అన్నాడు.

వెళ్ళడానికి కారణం మా తమ్ముడి భార్య సరళ. తమ్ముడికి ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, మయూర్ విహార్‌లో ఫ్లాటు. వాళ్ళ సొసైటీకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, నోయిడా వైపు ఏవో పెద్ద భవంతులు కడుతున్నారట. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్ళ పిల్లల కోసం సరళా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ కలిసి ఒక రేకుల షెడ్డులో బడి నడుపుతున్నారు. "వదినా, పిల్లలకు హిందీ రాదు, నాతో చెప్పే ఆ నలుగురికీ తెలుగు రాదు. నేనొక్కదాన్నే ఎంతమందికి చెప్పను? నెల రోజులు వచ్చి పోండి" అని ఫోను చేసింది. నేను జూన్‌లో రిటైరయ్యాను. ముప్పై రెండేళ్ళు వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటో తరగతికి, రెండో తరగతికి చెప్పిన నాకు, తెల్లవారితే ఎవరి మీద అరవాలో తెలియక పిచ్చెక్కుతోంది. మారు మాట్లాడకుండా టికెట్టు తీసుకున్నాను.

బల్లార్షా దాటాక డబ్బాలోని పులిహోర విప్పాను. ఎదురు బెర్తులో మంచిర్యాల ఆవిడ. కూతురు వసంత్ కుంజ్‌లో ఉంటుందట, పురుడు పోయడానికి వెళ్తోంది. నా సంచుల సంగతి చెబితే నవ్వి, "రిటైరైనంక గూడ బడేనా టీచరమ్మా? ఇగ నువ్వు మారవు" అంది. నేను మారవలసిన అవసరం ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు. మంచి టీచరునని జిల్లాలో పేరున్నదాన్ని. ఆ మాట ఆవిడకు రెండుసార్లు చెప్పాను కూడా.

మర్నాడు పదింటికి న్యూఢిల్లీలో దిగాం, గంట ఆలస్యంగా. పొగమంచు. చలికాలం వెళ్ళేవాళ్ళు మన ఊలు శాలువాను నమ్ముకోవద్దు, స్వెట్టరూ సాక్సులూ ఉండాల్సిందే. తమ్ముడు ఆటో మాట్లాడి ఇంటికి తీసుకెళ్ళాడు. మేనకోడలు దివ్యకు పన్నెండేళ్ళు, మన మాటంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే. "అత్తా, ఆప్ సచ్ మే వహాఁ పఢాయేంగీ?" అని కళ్ళు పెద్దవి చేసింది. అక్కడికి వెళ్ళి నిజంగానే పాఠాలు చెబుతావా అని. చెబుతానే తల్లీ, నీకు కూడా చెబుతాను అన్నాను. మళ్ళీ ఆ వైపు కనిపించలేదు.

బడి పదింటి నుంచి ఒంటిగంట వరకు. సొసైటీ గేటు దగ్గర రిక్షా, మెయిన్ రోడ్డు మీద నోయిడా బస్సు, దిగాక పది నిమిషాల నడక. మొదటి రోజు షెడ్డులో పందొమ్మిది మంది ఉన్నారు. కాళ్ళకు సిమెంటు, తలలకు దుమ్ము, ముఖాల నిండా నవ్వు. అక్కడ చెప్పేవాళ్ళందరినీ వాళ్ళు దీదీ అని, అంటే అక్కా అని, పిలుస్తారు. నేను వయసులో అందరికన్నా పెద్ద కాబట్టి 'పెద్ద దీదీ' అయ్యాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో దీదీ ఏమిటని మొదటి రోజు విసుక్కున్నాను. రెండో రోజు ఎవరో పొరపాటున ఆంటీ అంటే మాత్రం మనసు చివుక్కుమంది.

తెలుగులో కథ మొదలుపెట్టగానే ఆ పిల్లలు దగ్గరికి జరిగి, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. చెప్పే మాట తమదే అని తెలిసిన పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో ముప్పై రెండేళ్ళలో నేను ఎప్పుడూ గమనించలేదు. ఊళ్ళో అది మామూలు విషయం. ఇక్కడ వాళ్ళకు అది పండగ.

మూడో రోజు తలుపు దగ్గర ఒక పిల్ల కనిపించింది. తొమ్మిదేళ్ళు ఉంటాయి. చంకలో పది నెలల పిల్లాడు. గడప లోపలికి రాదు, అవతలికి పోదు. బోర్డు మీద నేను రాసిన అక్షరాన్ని గాలిలో వేలితో దిద్దుకుంటోంది. లోపలి వాళ్ళకు రాని జవాబు ఒకటి అక్కణ్ణుంచే చెప్పింది. పేరడిగితే మణెమ్మ అంది. నాకు ముచ్చటేసింది. వెంటనే, అలవాటుగా, నోట్లోంచి మాట వచ్చేసింది.

"తమ్ముణ్ణి ఇంట్లో దింపి రా తల్లీ. బడికి చంటిపిల్లల్ని తేవద్దు."

అది ఈ బడిలోనూ ఉన్న నియమమే. చిన్నపిల్లలొస్తే ఏడుస్తారు, పెద్దవాళ్ళ చదువు సాగదు. మణెమ్మ తల ఊపి, తమ్ముణ్ణి సవరించుకుని వెళ్ళిపోయింది. రేపు పలకతో వస్తుందని ఒక కొత్త పలక పక్కన పెట్టాను కూడా.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఆదివారం తమ్ముడు అందరినీ అశోకా రోడ్డులోని మన రాష్ట్ర భవన్ క్యాంటీనుకు భోజనానికి తీసుకెళ్ళాడు. పన్నెండున్నరకే వరస రోడ్డు దాకా ఉంది. ఢిల్లీలో తెలుగువాళ్ళంతా ఆదివారం అక్కడే తేలతారు. పప్పు, గోంగూర, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. వెళ్ళేవాళ్ళు పన్నెండు లోపే చేరితే నిలబడే పని ఉండదు. నాకు ముద్ద దిగలేదు. "ఏందక్కా, పత్యమా?" అన్నాడు తమ్ముడు. ఆ పిల్ల సంగతి చెప్పాను. సరళ, "వదినా, ఇట్ల వచ్చి పోయేటోళ్ళు శానా మంది. అందరి ఎంబడి పోతే మన వల్ల కాదు" అంది. సరళ మెత్తని మనిషి, అలసిపోయి అన్న మాట అది.

సోమవారం బడి అయ్యాక నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. భవంతి వెనక రేకుల గుడిసెల వరసలు. మూడో వరస చివర ఇసుక కుప్ప మీద మణెమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో తమ్ముడు. వాడి కుడిచేతికి పాత గుడ్డ కట్టి ఉంది. నన్ను చూడగానే లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

నీళ్ళ డ్రమ్ము దగ్గర తట్ట కడుగుతున్న తల్లి వచ్చింది. పేరు బాలమ్మ. కోపం లేకుండానే చెప్పింది.

"పోరన్ని ఇంట్ల దింపి రమ్మన్నరంట గదమ్మా. పంతులమ్మ చెప్పిందని ఇది ఆన్ని పండవెట్టి, తలుపుకు తాడు గట్టి బడికి బయలెల్లింది. ఆడు లేసి పొయ్యిల చెయ్యి వెట్టిండు. పొద్దుగాల్ల బువ్వ వండిన పొయ్యి, బూడిద్ల నిప్పుండె. నేను మూడో అంతస్తు మీద ఉన్న, నాకు ఇనవడలె. ఇదే సగం తొవ్వల ఇని ఉరికొచ్చింది." పిల్లాడి చేతి గుడ్డ సవరించి, "ఇంట్ల దింపి రమ్మంటే, ఇంట్ల ఎవరున్నరమ్మా మాకు?" అంది.

బొబ్బలు మానుతున్నాయని, మేస్త్రీ మందు ఇప్పించాడని కూడా తనే చెప్పింది, నన్ను ఊరడిస్తున్నట్టు. ఆ ఊరడింపే తట్టుకోలేకపోయాను. నేను ఇసుక మీద కూలబడ్డాను. వయసొచ్చినదాన్ని, పదిమందిలో ఏడవడం అలవాటు లేనిదాన్ని. ఏడ్చాను.

నన్ను ఏడిపించింది వాడి చెయ్యి ఒక్కటే కాదు. ఆ వాక్యం నాకు కొత్తది కాదు. ముప్పై రెండేళ్ళుగా ప్రతి ఊళ్ళో, ప్రతి బడి గడప దగ్గర, చంకలో పిల్లలతో నిలబడిన ఆడపిల్లలందరికీ అదే చెప్పాను. అందరూ అలాగే తల ఊపి వెళ్ళారు. చదువు మీద ఆసక్తి లేనివాళ్ళు అనుకున్నాను. ఇంట్లో ఎవరున్నారని ఒక్కరిని కూడా అడగలేదు.

"తప్పు నాదే మణెమ్మా. నీది కాదు" అన్నాను.  తమ్ముణ్ణి ఇటివ్వమని చేతులు చాపితే ఆ పిల్ల వాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది. నన్ను నమ్మాల్సిన అవసరం ఆమెకు ఏముంది?

మంగళవారం నుంచి నా దినచర్య మారింది. ఎనిమిదిన్నర బస్సుకే వెళ్ళి, బడికి ముందు ఒక గంట ఇసుక కుప్ప మీద కూర్చున్నాను. మొదటి రోజు పలక పక్కన పెట్టి ఊరుకున్నాను. రెండో రోజు ఇసుకలో వేలితో 'మ' రాశాను. ఆమె పక్కన ఇంకోటి రాసింది, నాకన్నా గుండ్రంగా. మూడో రోజు పలక ఒళ్ళో పెట్టుకుంది గానీ, ఒక చెయ్యి తమ్ముడి కింద ఉండిపోవడంతో పలక జారిపోతోంది. రెండుసార్లు పట్టుకుంది, మూడోసారి నా వైపు చూసింది.

"ఉంటడా మరి నీ తాన? ఏడుస్తడు" అంది.

"ఏడవనీ. నాకు అలవాటే" అన్నాను.

ఇచ్చింది. పిల్లాడి పేరు శీనట. శీనుగాడు ఏడ్చాడు, నా కళ్ళద్దాలు లాగాడు, చీర తడిపాడు. మణెమ్మ రెండు చేతులతో పలక పట్టుకుని తన పేరు మొత్తం రాసింది. తర్వాత తమ్ముడి పేరు ఎలా రాయాలని అడిగింది. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ పిల్లనూ వెంటబెట్టుకుని సరాసరి బడికి వెళ్ళాను.

షెడ్డులో సరళతో చిన్న గొడవ అయింది. "వదినా, ఒకరిని రానిస్తే అందరొస్తరు. బడి కాస్తా క్రెష్ అయితది" అంది.

"అవనీ. నేనుండే వరకు వీడు నా చంకలో ఉంటాడు. బోర్డు మీద రాయడానికి ఒక చెయ్యి చాలు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఠీక్ హై, మీ ఇష్టం" అంది, కొంచెం చిరాగ్గానే.

నిజం చెప్పాలంటే ఒక చెయ్యి చాలదు. నడుము పట్టేసింది, గొంతు బొంగురుపోయింది, ఒకసారి గుణింతం మధ్యలో వాడు నా చేతిలో సుద్దముక్క తినేశాడు. అయినా అన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంత బాగా పాఠం చెప్పలేదనిపిస్తుంది. వాడు నిద్రపోతే షెడ్డు ఇనుప పైపులకు నా పాత నేతచీర కట్టి ఊయల వేశాం. మణెమ్మ చదువుకుంటూనే కాలితో ఊపేది. పది రోజులకు రెండక్షరాల మాటలు, పదిహేను రోజులకు చిన్న వాక్యాలు. గడప దగ్గర నిలబడి అన్నాళ్ళు ఏమేం నేర్చుకుందో ఆమెకే తెలియాలి.

నేను వచ్చేసే ముందు రోజు మణెమ్మ పలక కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "రేపటికెల్లి తమ్మున్ని ఎవలు ఎత్తుకుంటరు పెద్ద దీదీ?"

 నెల రోజులు ఉండి వెళ్ళిపోయే మనిషి ఇలాంటి ఆశ పెట్టవచ్చా అని నేనే వారం రోజులుగా మథనపడుతున్నాను. అబద్ధం చెప్పలేక సరళ వైపు చూశాను. సరళ అటు తిరిగి ఏదో సర్దుతోంది. కాసేపటికి వచ్చి, ఊయలలోంచి శీనును ఎత్తి భుజాన వేసుకుంది. వాడు కొత్త ముఖం చూసి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. "అచ్ఛా అచ్ఛా, అలవాటైతడు లే" అని వీపు తట్టింది. మణెమ్మ ఆమెను చాలాసేపు పరీక్షగా చూసి, తిరిగి పలక పట్టుకుంది.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నువ్వు నాకు చాలా నేర్పావు తల్లీ" అన్నాను. వింతగా చూసింది. నువ్వే గదా నేర్పింది అన్నట్టు నవ్వింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి న్యూఢిల్లీలో బండి కదిలింది. పక్క బెర్తులో ఒక సెక్రటేరియట్ ఉద్యోగి, స్వస్థలం ఖమ్మం. "ఢిల్లీలో ఏమేం చూశారండీ?" అని అడిగాడు. అశోకా రోడ్డు భోజనం చూశాను, ఇసుక కుప్ప చూశాను అన్నాను. పాపం, ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పగలు నాగపూర్‌లో బండి ఆగినప్పుడు సెల్‌ఫోన్ మోగింది. సరళ. "వదినా, ఈరోజు ఇంకో ఏడుగురు ఆడపిల్లలొచ్చిన్రు. ఏడుగురి సంకలల్ల పిల్లలే. ఇన్ని రోజులు వీళ్ళు ఏడున్నరో నాకు తెల్వనే తెల్వదు. మణెమ్మ తీస్కొచ్చింది. నాలుగు పాత చీరలు కావాలె, మీ తమ్ముడు సొసైటీల అడుగుతుండు." వెనక పిల్లల ఏడుపులు, అక్షరాలు ఒకేసారి వినిపిస్తున్నాయి. ఆమె గొంతులో చిరాకు లేదు.

ఫోను పెట్టేసి ఒక కాగితం తీశాను. నేను గడప దగ్గరి నుంచి వెనక్కి పంపిన పిల్లల పేర్లు రాయాలని. నా దగ్గర చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళ పేర్లు అడిగితే గుక్క తిప్పుకోకుండా యాభై చెబుతాను. ఈ పేర్లు మాత్రం ఎంతకీ రాలేదు. ముఖాలు వస్తున్నాయి, చంకలోని పిల్లలు వస్తున్నారు, పేర్లు లేవు. రిజిస్టరులో ఎక్కనివ్వని పేర్లు ఎలా గుర్తుంటాయి?

బల్లార్షా దాటింది. మంచిర్యాల దాటింది. కాజీపేట వస్తోందని సామాను దింపుకుంటుంటే ఒక్క పేరు గుర్తొచ్చింది. రాజవ్వ. ఇద్దరు చెల్లెళ్ళను ఎత్తుకుని వారం రోజులు వరసగా వచ్చిన పిల్ల. ఇప్పుడు ముప్పై దాటి ఉంటుంది. ఆ ఊరు మా ఇంటికి పదిహేను కిలోమీటర్లు, ఉదయం ఎనిమిదింటికి బస్సు. రేపు వెళ్తాను. నన్ను గుర్తుపడితే ముందు క్షమించమని అడుగుతాను. గుర్తుపట్టకపోయినా అడుగుతాను.